కొండపరుగు – దాసోహధర్మము

ఎండ నడినెత్తిన మండుచుండగా కొండదారిని కొందఱు యువకులు పైకి పరుగెత్తుచున్నారనుకొందము. అందఱి చూపును శిఖరము మీదనే కలదు. వారిలో నొకడు దారిలో తూలి కూలబడెను. అతని వెనుక వచ్చువాడు ఆగవలెనా, సాగవలెనా? ఆగినచో పందెము పోవును. సాగినచో ఏమి పోవును? ఈ చిన్న ప్రశ్నలో దేహధర్మము, కాయకధర్మము, దాసోహధర్మము మూడును ఇమిడి యున్నవి. కావున బసవధర్మమును నమ్మినవారు దీనిని ఆటపాటల విషయమని త్రోసివేయరాదు.

రఘునాథపల్లి ప్రాంతమువారికి ఎండను గూర్చియు, ఱాతిని గూర్చియు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఒకప్పుడు వరంగల్లు జిల్లాలోను, 2016 అక్టోబరు నుండి జనగామ జిల్లాలోను ఉన్న ఈ మండలమున వైశాఖ జ్యేష్ఠములందు ఎండ 43, 44 డిగ్రీలను తాకుట క్రొత్త కాదు. పగలంతయు కాగిన బండ రాత్రి ఝాముదాకను సెగలు గ్రక్కుచునే యుండును. ఈ ఊరికి ఒక దిక్కున పాల్కురికి సోమనాథుని పేరుతో పెనవేసికొన్న పాలకుర్తియు, అచ్చటి కొండమీది సోమేశ్వరుని గుహాలయమును కలవు. మఱియొక దిక్కున ఆలేరు చేరువ రేణుకాచార్యుల ఆవిర్భావస్థలముగా వీరశైవులు కొలుచు కొలనుపాక కలదు. అదే దారిలో ఇంకను ముందునకు పోయినచో ఏకశిలగా నిలిచిన భువనగిరి కొండ కనబడును. ఆ నున్నని బండమీదనే శిలారోహణము నేర్చిన ఇద్దఱు గురుకుల విద్యార్థులు, నిజామాబాదు జిల్లా పాకాలకు చెందిన మలావత్ పూర్ణయు, ఖమ్మము ప్రాంతపు సాధనపల్లి ఆనంద్ కుమారును, 2014 మే 25న ఎవరెస్టు శిఖరము నధిరోహించిరి. అప్పటికి పూర్ణకు పదునాలుగేండ్లు నిండలేదు. పేదయింటి బిడ్డల కాళ్లకు కొండలు అడ్డము కావని ఆ దినమున లోకమునకు తెలిసినది.

కొండ నెక్కుట వీరశైవులకు క్రొత్త కాదు. పండితారాధ్య చరిత్రములోని అయిదు ప్రకరణములలో నొకదానికి సోమనాథుడు పర్వత ప్రకరణమనియే పేరిడి, శ్రీశైలయాత్రకు తరలిన భక్తజనమును కన్నులకు కట్టించెను. నేటికిని ఉగాదికి ముందు కన్నడ దేశమునుండి వేలకొలది భక్తులు కాలినడకన శ్రీశైలమునకు వచ్చుచుందురు. వేంకటాపురము, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా నల్లమల నడవిలో సాగు ఆ దారి ఫాల్గుణమాసపు ఎండలో కఠినమైనది. ఆకులు రాలిన చెట్లు నీడనీయవు. భీముని కొలను దాటినపిమ్మట ఎక్కుడు నిట్టనిలువుగా తోచును. కొందఱు మ్రొక్కుకొని పొడవైన మరకాళ్లపై నడచి వత్తురు. ఆ దారిపొడవునను అన్నము వండి, మజ్జిగ కలిపి, నీరు నింపి యాత్రికుల కొఱకు కాచియుండు దాసోహులును కలరు. పైకెక్కువాడు, దారిలో నీళ్లిచ్చువాడు అను నీ ఇరువురిని ప్రక్కప్రక్కన నిలిపి చూచిననే గాని విచారము పూర్తి కానేరదు.

యాత్ర వేఱు, పందెము వేఱు అని కొందఱు అనవచ్చును. నిజమే. 1974లో అమెరికాలోని కాలిఫోర్నియా కొండలలో గుఱ్ఱములకై ఏర్పఱచిన 100 మైళ్ల పందెమున గోర్డీ ఐన్‌స్లీ అనునతడు గుఱ్ఱము లేకయే ఆగస్టు ఎండలో పరుగెత్తి, 24 గంటలలోపుగా గమ్యము చేరెను. నాటినుండి కొండదారుల దూరపుపరుగు ఒక ప్రత్యేకక్రీడగా ప్రపంచమున వ్యాపించి, ఇటీవలి సంవత్సరములలో మనదేశమునకును వచ్చినది. దానియందు మ్రొక్కు లేదు, మోక్షమును లేదు. అయినను తన్ను తాను గెలువవలెనను కోరిక యాత్రికునిలోను కలదు, పందెగానిలోను కలదు. ఆ కోరిక యెంతవఱకు ధర్మమన్నదే ఇచ్చట విచారింపదగిన విషయము.

వీరశైవమున అంగమును లింగమును విడరానివి. దీక్షితుడు ఇష్టలింగమును దేహమునందే ధరించును. దేహమే దేవాలయమన్నది బసవేశ్వరుని బోధలలో ప్రధానమైనది. ఇందుండి రెండు వాదములు పుట్టును. దేవాలయమును ఎండలో మాడ్చి, ఱాళ్లపై పడద్రోయుట అపచారము గాన ఇట్టి పరుగులు కూడవని ఒక వాదము. తలుపులు మూసి దీపము పెట్టని గుడి కేవలము ఱాతికట్టడమే గాన, దేహమును శ్రమకు జడిపించి మెత్తలపై నుంచుట భక్తి కాదని రెండవ వాదము. రెంటియందును సత్యము కలదు. శరణులు దేహమును శోషింపజేయుటను తపస్సనలేదు. దానిని సోమరితనమున పెంచుటను పూజ యనలేదు. దేహమును కాయకమున నిలిపిరి. కాయకమనగా కాయముతో చేయునదియే గదా! కావున శ్రమ దోషము కాదు. మితిని మఱచుటయే దోషము.

ఆ మితి యెక్కడ నున్నదో తెలియుటకు ఎండలో కొండనెక్కు దేహమున జరుగు పనిని కొంత తెలిసికొనవలెను. కండరములు ఖర్చుచేయు శక్తిలో సుమారు నాలుగవవంతు మాత్రమే పనిగా మాఱును. మిగిలిన మూడువంతులును వేడియై దేహమునందే నిలుచును. చదునునేలపై వేగముగ పరుగెత్తువానికి ఆ వేగమే గాలియై తగిలి చల్లబఱచును. ఎక్కుడులో వేగము తగ్గును, శ్రమ తగ్గదు. వేడి పెరుగును, గాలి తగ్గును. ఇక మిగిలిన ఉపాయము చెమట యొక్కటే. ఒక లీటరు చెమట చర్మముపై ఆవిరియైనచో సుమారు 580 కిలో కేలరీల వేడి వెడలిపోవును. కాని గాలిలో తేమ హెచ్చినప్పుడు చెమట ఆవిరి కాక కారిపోవును. అట్లు కారిన చెమట దేహమును చల్లబఱుపజాలదు. నీరును ఉప్పును మాత్రము కొనిపోవును. సాధారణముగ 37 డిగ్రీల యొద్ద నుండవలసిన లోపలి వేడి 40 డిగ్రీలు దాటి, బుద్ధి చెదరినచో దానిని వడదెబ్బ యందురు. చికిత్స ఆలస్యమైనచో అది ప్రాణములు తీయును.

ఇక్కడ గమనింపదగిన మర్మ మొకటి కలదు. కాలు విఱిగినవానికి తన కాలు విఱిగినదని తెలియును. వడదెబ్బ తగులుచున్నవానికి మాత్రము ఆ సంగతి తెలియకపోవచ్చును. ఏలయన ఆ వేడి మొట్టమొదట దెబ్బతీయువానిలో మెదడొకటి. మాట తడబడును, అడుగు తప్పును, అకారణముగ కోపము వచ్చును. “నాకేమియు కాలేదు, నన్ను వదలుడు” అని అతడే అనుచుండును. ఏ అఱివుతో తన అపాయమును తెలిసికొనవలెనో ఆ అఱివే ముందుగా చెదరుచున్నది. అఱివే గురువని నమ్మిన ధర్మమునకు ఇది పెద్దప్రశ్న. ఆ గురువే మూర్ఛిల్లినప్పుడు శిష్యునకు దిక్కెవరు? ప్రక్కనున్నవాడే దిక్కు. తనకు తాను సాక్షి కాలేని ఘడియలో తోడివాని కన్నే అతనికి కన్ను కావలెను. శరణులు ఒంటరిగ గుహలయందుండక అనుభవమంటపమున కూడి కూర్చుండుటలోని అంతరార్థము లలో ఇదియు ఒకటి యని చెప్పవచ్చును.

ఆయ్దక్కి మారయ్య లక్కమ్మల కథ ఈ సందర్భమున స్మరింపదగినది. మారయ్య కల్యాణపురమున బసవన్న ముంగిట రాలిన బియ్యపుగింజల నేఱుట కాయకముగా గలవాడు. ఒకనాడతడు నిత్యము తెచ్చుదానికంటె హెచ్చుగ బియ్యము తెచ్చెను. అది చూచి లక్కమ్మ సంతసింపలేదు. ఆశ పుట్టినదని గ్రహించి, హెచ్చుగింజలను తెచ్చినచోటనే పోసి రమ్మని పంపెను. మారయ్య దొంగ కాడు, సోమరియు కాడు. అతడు చేసినది తన కాయకమే. అయినను మితి దాటినప్పుడు ఆ సంగతి అతనికంటె ముందు లక్కమ్మకు తెలిసినది. పరుగునందును ఇంతియే. నేటికి చాలినంత యెక్కుట కాయకము. చాలిన పిమ్మటను దేహమును పీడించి యెక్కుట ఆశ. ఆ గీత ఎక్కడ నున్నదో చెప్పగల లక్కమ్మ వంటి తోడు ప్రతి పరుగుగానికిని కావలెను. ఆ మాట విని వెనుదిరుగగల మారయ్య మనస్సును కావలెను.

ప్రపంచక్రీడల చరిత్రలో దీనికి దృష్టాంతములు పెక్కు కలవు. 1908లో లండను ఒలింపిక్స్ మారథాన్‌నందు ఇటలీ దేశస్థుడు డొరాండో పియెత్రి అందఱికంటె ముందుగ క్రీడాంగణము చేరెను. కాని అప్పటికే స్మృతి తప్పి, తప్పుదిక్కునకు మఱలి, పలుమాఱులు పడెను. అధికారులు లేవదీసి గీత దాటించిరి. పరులసాయము పొందెనను కారణమున అతని విజయము రద్దయ్యెను. మఱునాడు అలెగ్జాండ్రా రాణి అతనికొక పాత్రను బహూకరించెను. 1912లో స్టాక్‌హోములో పోర్చుగీసు పరుగుగాడు ఫ్రాన్సిస్కో లజారో ఎండలో కూలి మఱునాడు మరణించెను. ఎండ తగులకుండ అతడు మేనికి కొవ్వు పూసికొనెననియు, అందుచే చెమట వెడలలేదనియు చెప్పుదురు. 1984లో లాస్ ఏంజిలిస్‌లో స్విట్జర్లాండుకు చెందిన గాబ్రియేలా ఆండర్సన్ షీస్ తూలుచు, ఒకప్రక్కకు ఒఱుగుచు చివరిచుట్టు ముగించుటకు అయిదు నిమిషములకు పైగా పట్టెను. వైద్యులు ప్రక్కనే నడచుచు, ఆమెకు చెమట పట్టుచుండుటను గమనించి సాగనిచ్చిరి. ముట్టుకొన్నచో ఆమె పందెమునుండి తొలగింపబడును.

ఈ నియమము విచిత్రమైనది. సాయము పొందినవాడు ఓడినట్లు. పందెమునకు ఇట్టి నియమము అవసరమే, కానిచో ఎవరి బలమెంతయో తేలదు. కాని పందెపు నియమము బ్రదుకు నియమము కాజాలదు. బ్రదుకునందు సాయము పొందనివాడెవడు? తల్లి యెత్తుకొననిదే ఎవని కాళ్లును నేలపై నిలువలేదు. కావున తోడివాని ప్రాణము ప్రశ్నయైన క్షణముననే పందెము ముగిసినదని తెలియవలెను. అప్పుడు ఆగినవాడు పందెమునుండి తొలగలేదు. పందెమే అతని మార్గమునుండి తొలగినది.

ఆగుట సులభము కాదని చూపు ఉదాహరణములు ఎవరెస్టు మీదనే కలవు. 2006 మే నెలలో డేవిడ్ షార్ప్ అను ఆంగ్లేయుడు శిఖరము దిగువను చలికి కొయ్యబారి కూర్చుండగా సుమారు నలువదిమంది ఆ దారిని పోయిరి. కొందఱు చూడలేదు, కొందఱు మృతుడనుకొనిరి, కొందఱు యత్నించి విఫలులైరి. అతడు మరణించెను. వారందఱును క్రూరులని తీర్పుచెప్పుట న్యాయము కాదు. పలువురున్నచోట ప్రతివాడును వేఱొకడు చూచుకొనునని తలచుట మానవస్వభావము. అదే నెల 26వ తేదీ ఉదయమున డాన్ మజూర్ బృందము పైకి పోవుచు, మరణించెనని అంతకుముందునాడు విడువబడిన లింకన్ హాల్ సజీవుడై యుండుట చూచెను. శిఖరము ఇక కొద్దిదూరముననే కలదు. వారాగిరి. శిఖరమును వదలుకొని, అతనిని క్రిందికి చేర్చు వారు వచ్చుదాక కాచిరి. అతడు బ్రదికెను. అక్కడ చలి, ఇక్కడ ఎండ. ధర్మము మాత్రము రెంటను ఒక్కటియే. “వీడెవ్వడు, వీడెవ్వడు” అని దాటిపోక “వీడు మనవాడు” అని చేరదీయు బసవని దృష్టి ఆ మంచుకొండపై నలుగురిలో మెఱసినది.

సొన్నలిగె సిద్ధరాముని కథ ఈ విచారమునకు మూలస్తంభము వంటిది. పసులగాచు బాలుడైన అతని యొద్దకు మల్లయ్య జంగమరూపమున వచ్చి లేత జొన్నగింజలు తిని, కడుపు మండుచున్నదని చల్లని పెరుగన్నము కోరెనని చెప్పుదురు. బాలుడు ఇంటికి పరుగెత్తి అన్నము తెచ్చునప్పటికి జంగముడు లేడు. “మల్లయ్యా” యని యేడ్చుచు బాలుడు యాత్రికులతో కలసి శ్రీశైలము చేరెను. అచ్చట చూపబడిన శిలాలింగమున తన మల్లయ్యను కానక, లోయలోనికి దుమికి ప్రాణము విడువ సిద్ధపడెను. అప్పుడు మల్లికార్జునుడు ప్రత్యక్షమై అతనిని పట్టుకొనెను. తరువాత జరిగినదియే ముఖ్యము. స్వామి అతనిని శిఖరముననే ఉంచుకొనలేదు. మఱల సొన్నలిగెకు పొమ్మనెను. అతడు తిరిగిపోయి గుడి కట్టించెను, చెఱువు త్రవ్వించెను. నేటి సోలాపురమున సిద్ధేశ్వరుని చెఱువు అతని పేరనే వెలుగుచున్నది.

ఒకని దప్పికతో మొదలైన పరుగు, పెక్కుమంది దప్పిక తీర్చు చెఱువుతో ముగిసినది. కొండ నడుమ వచ్చినది. ఈ క్రమమును గమనించినవానికి శిఖరము యాత్రాంతము కాదని తెలియును. పైకెక్కినవాడు క్రిందికి ఏమి తెచ్చెనన్నదే అతని ఎక్కుడునకు కొలత.

అయినను కథ అంతటితో ఆగలేదు. శూన్యసంపాదన చెప్పునట్లు అల్లమప్రభువు సొన్నలిగెకు వచ్చి, చెఱువు త్రవ్వించు సిద్ధరాముని మట్టిపనివానిగ నెగతాళి చేసెను. పనివారు కోపించి ఱాళ్లు రువ్విరి. అల్లముడు నిందించినది చెఱువును కాదు. చెఱువుతోపాటు త్రవ్వువానిలో పేరుకొనుచున్న “నేను” అను మట్టిదిబ్బను. శిఖరమెక్కితినను గర్వ మెట్టిదో, నీళ్లిచ్చితినను గర్వమును అట్టిదే. ఆగి తోడివానిని లేవదీసినవాడు ఆ సంగతిని పదిమందికి చాటుకొనుచు తిరిగినచో అతడు మఱియొక పందెమున పరుగెత్తుచున్నాడనియే చెప్పవలెను. దాసోహమను మాటకు నేను దాసుడనని అర్థము, దాతనని కాదు.

ఇంతవఱకు చెప్పినది ఎండను కోరి తెచ్చుకొన్నవారిని గూర్చి. ఎండను తప్పించుకొనలేని వారి మాటయేమి? జనగామ ప్రాంతమున గీతకార్మికుడు మోకు నడుమునకు బిగించి వేసవియందు తాటిచెట్టు నెక్కును. దిగును, మఱియొకటి ఎక్కును. క్వారీలో బండ కొట్టువాడు కాగిన ఱాతిపైననే దినమెల్ల కూర్చుండును. చెఱువులో పూడిక తీయు స్త్రీ తట్ట నెత్తికెత్తుకొని కట్టమీదికి నిట్టనిలువున నడచును. ఆ కట్ట ఆమెకు దినమున వందసార్లు ఎక్కవలసిన కొండ. వారి మెడలో పతకము వేయువాడు లేడు. పరుగుగాడు చాలుననుకొన్నప్పుడు ఆగవచ్చును. వారు ఆగినచో ఆ పూట కూలి పోవును. కల్లమ్ము మారయ్యను, చాకలి మాచయ్యను, పడవ నడపు చౌడయ్యను శరణుల పంక్తిలో కూర్చుండబెట్టిన ధర్మమునకు ఈ భేదము కనబడకపోరాదు. కోరి యెండలో నడచినవానికి దప్పిక యెట్టిదో తెలిసినది. ఆ తెలివి కోరకయే యెండలో నిలిచినవాని యెడ కరుణగా మాఱనిచో అతడు పొందినది అలసటయే గాని అనుభవము కాదు.

అందుచే ఆచరణయందు కొన్ని నియమములు చెప్పుకొనవచ్చును. కొండపరుగు ఏర్పాటుచేయువారు సూర్యోదయమునకు ముందుగనే మొదలిడి, ఎండ ముదురకముందే ముగించునట్లు చూడవలెను. ఎండకు దేహము అలవాటుపడుటకు ఒకటి రెండు వారములు పట్టును గాన పట్టణమునుండి వచ్చి మఱునాడే పరుగెత్తరాదు. జ్వరమున్నవాడును, నిద్రలేనివాడును పూనుకొనరాదు. చెమటతో ఉప్పును పోవును గాన నీరుమాత్రమే మితిమీఱి త్రాగుటయు అపాయకరమే. రక్తమున సోడియము పడిపోయి మూర్ఛ రావచ్చును. ఉప్పు వేసిన మజ్జిగ, అంబలి, ఆరోగ్యకేంద్రములలో నిచ్చు ఓఆర్ఎస్ పొట్లపు నీరు మేలు. తూలుచున్నవానిని నీడకు చేర్చి, మేనిపై చన్నీరు గ్రుమ్మరించి, విసరి, వీలైనచో నీటితొట్టిలో నుంచి ముందు చల్లబఱచవలెను. అదే సమయమున 108కి కబురుపెట్టవలెను. స్మృతి లేనివాని నోట నీరు పోయరాదు. అన్నింటికి మించి, ప్రతివానికిని ఒక జత నేర్పఱచి, “ఆగుము” అని జతగాడన్నచో మాఱుపలుకక ఆగుటను మొదటి నియమముగ నుంచవలెను. ఈ జాగ్రత్తలన్నియు పొలముపనికిని, క్వారీపనికిని, యాత్రకును వర్తించును. పందెమునకు చలివేంద్రము పెట్టు చేతులు పనిచోటను పెట్టవలెను.

మొదటి ప్రశ్నకు సమాధాన మిప్పుడు చెప్పవచ్చును. వెనుక వచ్చువాడు ఆగవలెను. పడినవాడు తన మిత్రుడని కాదు, పుణ్యము వచ్చునని కాదు, ఎవరైన చూచుచున్నారని కాదు. పడినవాని దేహమును ఒక దేవాలయమే గనుకను, ఆ ఘడియలో దానికి వేఱొక కావలి లేదు గనుకను. కదలునది జంగమమని పెద్దలు చెప్పిరి. కాలు కదలుట మాత్రమే జంగమత్వమైనచో పరుగెత్తు ప్రతివాడును జంగముడే కావలెను. తోడివాని బాధకు మనస్సు కదలుటయే నిజమైన చలనము. ఆ చలనము కలవాడు దారిలో ఆగినను జంగముడే. అది లేనివాడు శిఖరమెక్కినను స్థావరమే.

రాబోవు వేసవిలో ప్రతి గ్రామపు వీరశైవ సమాజమును ఊరి మొదట నొక చలివేంద్రము, పనిచోట నొక నీడపందిరి ఏర్పఱచి, వడదెబ్బ గుర్తులను యువకులకు నేర్పగలిగినచో బసవజయంతి ఉత్సవమునకు అదియే తగిన పూజ యగును. వైశాఖమాసమున, ఎండ తీవ్రమైన దినములలోనే, ఆ జయంతి వచ్చుచున్నది గదా!

శరణు శరణార్థి.